వల ముట్టకూడని చేతులు

సముద్రం లేని జిల్లాలో

నాకు మత్స్యశాఖలో ఉద్యోగం వచ్చిందని తెలిసినప్పుడు మా చుట్టాలందరూ కూడబలుక్కున్నట్టు ఒకటే అడిగారు. "చిత్తూరు జిల్లాలో చేపలెక్కడున్నాయే, మిద్దెమీది నీళ్ళతొట్టిలోనా?" మా నాయన పాకాల స్టేషన్‌లో టికెట్లు ఇచ్చేవాడు. ఆయన మాత్రం నవ్వలేదు. "నీళ్ళుండే కాడికి పంపిస్తారు గదా, మంచిదే. తాగేదానికన్నా దొరుకుతాయి" అన్నాడు.

ఇప్పుడు జిల్లాలు విడగొట్టాక తిరుపతి వైపు సముద్రం కూడా వచ్చి చేరింది. కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్ళకు పడవలున్నాయి, రొయ్యల గుంటలున్నాయి. మా కాలంలో మాకున్నవి వానలకు నిండి ఎండలకు ఆవిరైపోయే చెరువులే. నిండినప్పుడు పిల్ల చేపలు వదిలించాలి, అడుగంటక ముందే పట్టించాలి, ఈ రెండింటి మధ్య ఊళ్ళో తలలు పగలకుండా చూడాలి. ఉద్యోగమంటే ఇంతే. మిగతాదంతా సంతకాలు, వాటి గురించి రాసి మిమ్మల్ని నిద్రపుచ్చను.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం మా అక్క మనవరాలు హరిత. ఈ మధ్యనే ఇదే శాఖలో చేరింది. మొన్న ఒక చెరువు గట్టు మీద నుంచి ఫోన్ చేసి, "అవ్వా, ఒక అనుమానం" అని ఒక ప్రశ్న వేసింది. దానికి జవాబు ఒక్క మాటలో చెప్పవచ్చు. కానీ ఆ ఒక్క మాట వెనక నా ఉద్యోగమంతా ఉంది. ఆ ప్రశ్నేమిటో చివరికి చెబుతాను, ఓపిక పట్టండి.

గొడుగు పట్టిన పెద్దాఫీసరు

నా మొదటి పెద్దాఫీసరు చాలా మంచి మనిషి. జీపులో ముందు సీటు నాకిచ్చి తాను వెనక కూర్చునేవాడు. చెరువు దగ్గరికి వెళ్ళగానే, "నువ్వు చెట్టునీడలో కూర్చోమ్మా, బురదలో నీకెందుకు" అనేవాడు. ఎండగా ఉంటే తన గొడుగు కూడా ఇచ్చేవాడు. ఆ మర్యాదతోనే చాలాకాలం నాకు పని నేర్పకుండా గడిపేశాడు. మోటుగా మాట్లాడేవాడితోనైతే పోట్లాడవచ్చు, గొడుగు పట్టేవాడితో ఎలా పోట్లాడతాం? చివరికి ఒకరోజు చెప్పులు గట్టుమీద వదిలేసి, చీర ఎత్తికట్టి మోకాలి లోతు నీళ్ళలోకి దిగి నిలబడ్డాను. ఆయన గట్టుమీద నుంచి "అయ్యో, అయ్యో" అంటూనే ఉన్నాడు. సాయంత్రానికి అలవాటు పడ్డాడు.

ఆయన లెక్కలో ఆడవాళ్ళకూ చేపలకూ ఉన్న సంబంధం ఒకటే, ఊరగాయ. "ఆడవాళ్ళ మీటింగు పెట్టు, చేపల ఊరగాయ నేర్పించు, ఫోటో తీయించు" అని పంపేవాడు. నేనూ తిరిగాను. బంగారుపాళ్యం వైపు ఊళ్ళలో మామిడికాయ ఊరగాయకే జాడీలు చాలవు. అలాంటి చోట నేను నూనె, కారం, ఆవపిండి ముందు పెట్టుకొని చేపల ఊరగాయ మీద ఉపన్యాసం ఇచ్చాను. అంతా విని ఒకామె లేచి అడిగింది.

"ఊరగాయ సంగతి ఉండనీ మేడం. చెరువులో చేప మా చేతికొచ్చేదెప్పుడు? మా మొగోళ్ళు పడతారు, గట్టుమీదనే యాపారికి తూకమేసేస్తారు. కూరకని రెండు చిన్న చేపలు ఇసిరేస్తే అదే పండగ. దాన్ని ఊరబెట్టమంటావా?"

తిరిగొచ్చి పెద్దాఫీసరుకు చెబితే, "అయితే వడియాలు నేర్పిద్దామా?" అన్నాడు. చెప్పాను కదా, మంచి మనిషి.

కొత్తవాళ్ళకు నా మాట ఇది. మహిళల పేరుతో వచ్చే పథకం ఏదైనా సరే, అది వాళ్ళను వంటింట్లో ఇంకో మూలకు జరుపుతోందా, చెరువు దగ్గరికి తెస్తోందా అని ముందు చూసుకోండి. మొదటి రకం పథకానికి ఫోటోలు బాగా వస్తాయి.

దీవి నుంచి వచ్చిన ప్రశ్న

ఒకసారి నన్ను కోస్తాలో ఒక శిక్షణకు పంపారు. పసిఫిక్ సముద్రంలోని దీవుల నుంచి కూడా కొందరు వచ్చారు. నాతో గది పంచుకున్నామె పేరు సేలా. భారీ మనిషి. మిరపకాయ బజ్జీ తిని కళ్ళు తుడుచుకుంటూనే ఇంకోటి అడిగే రకం. ఇద్దరి ఇంగ్లీషూ అంతంతమాత్రమే కాబట్టి మాకు బాగా కుదిరింది.

వాళ్ళ దీవి చుట్టూ పగడపు దిబ్బ ఉంటుందట. మగవాళ్ళు పడవల్లో ఆ దిబ్బ దాటి పెద్ద చేపలకు పోతారు. ఆటు వేళ నీళ్ళు వెనక్కి తీసినప్పుడు ఆడవాళ్ళు బుట్టలు పట్టుకొని దిబ్బమీద నడుస్తూ గుల్లలూ పీతలూ ఏరుకొస్తారు. ఆఫీసరు వెళ్ళి "ఈ ఇంట్లో చేపలు పట్టేదెవరు?" అని అడిగితే, ఆడవాళ్ళు కూడా "మా ఆయన" అనే చెబుతారట. మరి నువ్వో అంటే, "నేనా, కూరకేమైనా దొరుకుతుందేమోనని ఊరికే అలా వెళ్ళొస్తాను" అంటారట. గాలి ఎక్కువై పడవలు కదలని రోజుల్లో ఇల్లంతా తినేది ఆడవాళ్ళు అలా ‘ఊరికే’ వెళ్ళి తెచ్చిందే.

ఒక ఊళ్ళో పెద్దమనుషులు కూర్చుని, గుల్లలు పెరగాలి, కొన్నాళ్ళు దిబ్బమీద ఎవరూ ఏమీ ఏరకూడదని తీర్మానించారట. మంచి తీర్మానమే. మగవాళ్ళకు పడవలున్నాయి, దాటిపోయారు. ఆడవాళ్ళు బుట్టలు బోర్లించుకొని కూర్చున్నారు. ఆ కూటానికి వాళ్ళనెవరూ పిలవలేదు, వాళ్ళు చేపలు పట్టేవాళ్ళు కాదు కదా!

"అందుకే ఎవరు పడతారని నేను అడగను. నిన్న పొద్దున లేచిన దగ్గర నుంచి ఎవరెవరు ఏం చేశారో చెప్పమంటాను" అంది సేలా.

నేను ఆ ప్రశ్నను ఎత్తుకొచ్చి మా ఊళ్ళలో వాడుకున్నాను. చేపలు పెంచేదెవరంటే మగవాళ్ళందరూ చేతులెత్తేవాళ్ళు. నిన్న చెరువు దగ్గర ఏం జరిగిందో చెప్పమంటే తలలు గోక్కునేవాళ్ళు. తవుడూ చెనిక్కాయ చెక్కా కలిపి మేత వేసింది ఆడవాళ్ళు, కొంగల్ని తోలింది ఆడవాళ్ళు, గంప నెత్తిన పెట్టుకొని అమ్మింది ఆడవాళ్ళు. ఒక్క వల మాత్రం మగవాళ్ళది. ఆ ఒక్కదాని మీదే చెరువు ఎవరిదో తేలేది.

చీర చెరగు

వడమాలపేట నుంచి కాస్త లోపలికి పోతే ఒక ఊరు. పేరు రాయను. రాస్తే అక్కడ నాకు చేపలకూర బందవుతుంది. ఆ ఊరి చెరువును మగవాళ్ళ సంఘం పట్టించుకోక పాడుపెట్టింది. మునెమ్మ అనే ఆవిడ ఆఫీసుల చుట్టూ తిరిగి, దాన్ని ఆడవాళ్ళ సంఘానికి ఇప్పించుకుంది. ఆమె పుత్తూరు రోడ్డు పక్కన చేపలమ్మే మనిషి. భర్త మామిడి సీజన్ వస్తే బంగారుపాళ్యంలో గుజ్జు ఫ్యాక్టరీకి పోయి అక్కడే ఉండిపోతాడు. మొదటి ఏడు పంట తీయలేకపోతే చెరువు మళ్ళీ మగవాళ్ళకే పోతుందని షరతు. మునెమ్మ సరేనంది.

వల కూడా సంఘానికి సబ్సిడీలో వచ్చింది. కొత్త లాగుడు వల, చెరువుకు అడ్డంగా పరిచి రెండు కొసలూ పట్టుకొని లాగేది. చిక్కేమిటంటే, దాని సొంతదారులకు దాన్ని ముట్టే హక్కు లేదు. ఆ ఊరి కట్టుబాటు అలాంటిది. చీర చెరగు వలకు తగలకూడదు.

ఈ కట్టుబాటుకు కాపలా మునెమ్మ అత్త కుప్పమ్మ. ముసలామె, చేతిలో ఎప్పుడూ ఒక కట్టె. "తగిల్తే ఆ యేడు సేప సిక్కదు మేడం. మా యత్త సెప్పినాది, వాళ్ళత్త ఆమెకు సెప్పినాది" అంది.

"గంగమ్మ తల్లి కూడా ఆడదే కదా అవ్వా?" అన్నాను.

"ఆయమ్మ వల లాగతాదా ఏంది?" అని నా నోరు మూయించింది.

నేను మళ్ళీ వాదించలేదు. కట్టుబాటు మీదికి ఉపన్యాసంతో వెళ్ళిన ఆఫీసరుకు ఊళ్ళో కాఫీ ఇచ్చి బస్సెక్కిస్తారు. వల లాగడానికి కుప్పమ్మ పెద్దకొడుకు చెంగల్రాయుడు, అతని జట్టు ఎలాగూ ఉన్నారు. ఆనవాయితీ ప్రకారం లాగినవాళ్ళకు ఇచ్చే చేపలు వాళ్ళకిస్తే సరిపోతుందనుకున్నాం.

ఆడవాళ్ళు చెరువును పసిబిడ్డను చూసుకున్నట్టు చూసుకున్నారు. చేపలు బాగా పెరిగాయి. ఎండాకాలం వచ్చింది, నీళ్ళు తగ్గాయి, పట్టే వేళయింది. అప్పుడు చెంగల్రాయుడు మెలిక పెట్టాడు. "సేపల్లో సగం మాకు. అమ్మేది గూడా మేమే."

"లాగినదానికి అందురికీ ఇచ్చేది ఇస్తాం బావా. అమ్మేది మాత్రం మేమే" అంది మునెమ్మ.

"అయితే మీరే లాక్కోండి" అని అతను నవ్వి, జట్టునంతా తీసుకొని తిరుపతి గంగజాతరకు బయలుదేరాడు. వాళ్ళకు మొక్కు ఉంది. ఎలాగూ వీళ్ళు వల ముట్టలేరు, తిరిగొచ్చేసరికి కాళ్ళబేరానికి వస్తారని అతని ధీమా.

జాతర బస్సు

మునెమ్మ ఫోన్ చేస్తే నేను పొద్దున్నే వెళ్ళాను. చెరువు మడుగంత అయిపోయింది. చేపలన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. తెల్లవారుజామున అలా చేస్తే భయం లేదు, ఎండ రాగానే తేరుకుంటాయి. ఎండ వచ్చినా తేరుకోలేదంటే నీళ్ళలో గాలి చాలడం లేదని అర్థం, మధ్యాహ్నానికి చచ్చి తెల్లగా తేలిపోతాయి. ఆ రోజు ఎండెక్కినా అవి తేరుకోలేదు. చుట్టుపక్కల ఊళ్ళలో వల జట్లకు ఫోన్లు చేశాను. అందరూ జాతరలోనే ఉన్నారు. అప్పుడున్న పెద్దాఫీసరుకు చేస్తే, "సగం ఇచ్చేయమనమ్మా, గొడవెందుకు" అన్నాడు. ఇవ్వడానికి కూడా అవతలివాళ్ళు ఊళ్ళో లేరని ఆయనకు అర్థమయ్యేసరికి నా ఫోన్‌లో చార్జింగు అయిపోయింది.

మునెమ్మ వల ఉన్న కొట్టం ముందు నిలబడింది. గుమ్మంలో కుప్పమ్మ కట్టె అడ్డం పెట్టుకొని కూర్చుని ఉంది.

"లెయ్ అత్తా. తల్లికి కోపమొస్తే నా మీదనే రానీ" అంది మునెమ్మ. మిగిలిన ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు.

అప్పుడే బస్సు వచ్చి గట్టుమీద ఆగింది. ఊరి గంగమ్మ గుడి గట్టుమీదే ఉంది. తిరుపతిలో మొక్కు తీర్చుకున్నవాళ్ళు నేరుగా ఇక్కడికొచ్చి, పూజారి చేత హారతి ఇప్పించుకున్నాకే వేషం విప్పాలి. మన జాతర సంగతి తెలుసు కదా, మొక్కున్న మగవాళ్ళు చీర కట్టుకుంటారు. చెంగల్రాయుడు దిగాడు. కండలు తిరిగిన మనిషి, ఒంటిమీద పెళ్ళాం పట్టుచీర, చేతులనిండా గాజులు, సవరం, మల్లెపూలు, చేతిలో వేపమండ. మీసానికి కూడా పసుపు అంటింది. వెనక అతని జట్టంతా అదే అలంకారంతో దిగింది.

కొట్టం దగ్గర మునెమ్మను చూడగానే అతను కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకొని పరుగెత్తుకొచ్చాడు. "ముట్టద్దు మునెమ్మా! వలకు చీర తగలగూడదని తెలీదా?"

మునెమ్మ అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. "ఏ చీర బావా? నాదా, నీదా?"

ఆడవాళ్ళు నవ్వారు. బస్సు డ్రైవరు కూడా ఇంజను ఆపి నవ్వాడు. చెంగల్రాయుడు తనవైపు చూసుకొని, "ఉండు, ఇది ఇప్పేసి లుంగీ కట్టుకోనొస్తా" అన్నాడు.

"యాడ ఇప్పుతావురా? హారతి కాకుండా మొక్కు చీర ఇప్పితే కండ్లు పోతాయి" అంది కుప్పమ్మ. పూజారి ఇంకా తిరుపతిలోనే ఉన్నాడు. మధ్యాహ్నం బస్సుకు గాని రాడు.

"అయితే ఇట్లనే లాగతాం. మాది వేషమే గదమ్మా."

అప్పుడు ముసలామె లేచి నిలబడింది. కోడలికి అడ్డం పెట్టిన కట్టెనే కొడుక్కూ అడ్డం పెట్టింది. "చీరంటే చీరే రా. నా కాడ ఆడ చీర, మొగ చీర అని రెండు లేవు. నా వయసంతా ఈ వలకు దూరంగా నిలబడినాను. నువ్వూ నిలబడు, ఈ ఒగ పూట."

ఎవరూ నవ్వలేదు. చెంగల్రాయుడు నీళ్ళవైపు చూశాడు. ఒడ్డు దగ్గర పెద్ద బొచ్చె చేప ఒకటి పక్కకు వాలి, మళ్ళీ సర్దుకోవాలని చూస్తోంది.

"అమ్మా, సేపలు వాలిపోతాండాయే."

"వాలనీ."

"సచ్చిపోతాయమ్మా!"

"నా కోడలు ఇంతసేపూ అదే సెప్పినాది. ఆమెను ఆపి నిన్ను ఎట్ల వదిలేది?"

అతను పంతం మనిషే. సగం కోసం మెలిక పెట్టినవాడే. కానీ పుట్టిన దగ్గర నుంచి చెరువులో పెరిగినవాడు, చేప గాలిలేక చచ్చిపోవడాన్ని చూస్తూ నిలబడలేడు. వేపమండ పక్కన పెట్టేశాడు. "కోపమొస్తే ఆ తల్లికి మా ఇద్దురి మీదా రానీ. మునెమ్మా, ఆ కొస పట్టుకో!"

కుప్పమ్మ కట్టె తీసింది.

ఒక కొస ఆడవాళ్ళు పట్టుకున్నారు, ఇంకో కొస చెంగల్రాయుడి జట్టు పట్టుకుంది. గట్టుమీది నుంచి చూస్తే రెండు కొసల్లోనూ చీరలే. ఆడవాళ్ళకు కొత్త కదా, కింది తాడు లేచిపోయి సందుల్లోంచి చేపలు జారుకుంటున్నాయి. "కాళ్ళతో తొక్కండి! వలను బురదలోకి తొక్కండి!" అని చెంగల్రాయుడు గొంతు చించుకున్నాడు. వలకు చీర తగలకూడదని అరిచిన గొంతే అది. అతని సవరం ఊడి నీళ్ళమీద తేలింది. నేనూ దిగి తాడు పట్టుకున్నాను. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, ఏది ఎక్కువో చెప్పలేను.

వల ఒడ్డుకు వచ్చేసరికి బరువుకు చేతులు లాగేస్తున్నాయి. కుప్పమ్మ నెమ్మదిగా గట్టు దిగివచ్చింది. ఎగిరిపడుతున్న చేపల్ని కాసేపు చూసింది. చెరగు నడుముకు దోపుకొని, వంగి, వల తాడును వేళ్ళతో ఒక్కసారి ముట్టి చూసింది. "ఇంతేనా!" అంది. ఆ మాటకు మునెమ్మ అత్తను పట్టుకొని ఏడ్చేసింది.

పొయ్యి దగ్గర

లాగినవాళ్ళకు ఆనవాయితీ ప్రకారం ఇవ్వాల్సిన చేపలు ఇచ్చి, ఆడవాళ్ళు గంపలు ఆటోలో ఎక్కించుకొని పుత్తూరుకు పోయారు. పూజారి ఇంకా రాలేదు. చెంగల్రాయుడు తడిసిన పట్టుచీరతో గట్టుమీద కూర్చుని, "ఆకలేస్తాంది. కూడు వొండేదెవురు?" అన్నాడు.

"చీర కట్టుకోనే ఉండావు గదా, పో పొయ్యి కాడికి" అంది కుప్పమ్మ.

నిజంగానే వెళ్ళి చేపలపులుసు పెట్టాడు. చింతపండు ఎక్కువై నోరు పులిసిపోయింది. అందరం బ్రహ్మాండంగా ఉందన్నాం. ఇంకోసారి వండుతాడేమోనన్న ఆశతోనే అన్నాం.

ఇది నవ్వులాటకు రాయడం లేదు. ఆడవాళ్ళకు కొత్త పని ఇప్పించడం సులువు. పాత పని వాళ్ళ నెత్తిమీది నుంచి దించడమే కష్టం. పగలంతా వల లాగి, సంతలో అమ్మి, చీకటి పడ్డాక వచ్చి పొయ్యి రాజేసే ఆడవాళ్ళను చూపించి "సాధికారత" అని బోర్డు పెట్టిన ఊళ్ళు నేను చాలా చూశాను. సేలా ప్రశ్నను పొద్దుటితో ఆపకండి. పడుకునేదాకా ఎవరెవరు ఏం చేశారో అడగండి.

చెరువు ఆడవాళ్ళకే నిలిచింది. మరుసటి ఏడు వల దించే రోజున నేను కూడా వెళ్ళాను. వల ముట్టవచ్చా కూడదా అన్న చర్చ మళ్ళీ మొదలైంది. కుప్పమ్మ ఒక్క మాటతో తేల్చేసింది. "పోయినేడు చీర చెయ్యి పడినాకనే ఇన్ని సేపలు సిక్కినాయి. ఇంకమీదట ముందు చీర చెయ్యే పడాల." కట్టుబాటును ఎవరూ తీసేయలేదు, దాని మొహం అటువైపు నుంచి ఇటువైపుకు తిప్పుకున్నారు. ఊళ్ళు మారేది చాలాసార్లు ఇలాగే. కుప్పమ్మ ఇప్పుడు లేదు. నేనూ రిటైరైపోయాను.

ఇక హరిత ప్రశ్న. ఆ పిల్లకు తెలియకుండానే ఆ చెరువుకే డ్యూటీ పడింది. ప్యాంటూ షర్టూ వేసుకొని హుషారుగా వెళ్ళి వల మీద చెయ్యి వేయబోయిందట. ఒక పెద్దాయన అడ్డం వచ్చి, "ఆగమ్మా! ముందు చీర కట్టుకున్నోళ్ళు ముట్టాల. ప్యాంట్లోళ్ళు తర్వాత. తాతల కాలం నాటి ఆచారం ఇది" అన్నాడట.

"నిజంగా అంత పాత ఆచారమా అవ్వా?" అని అడిగింది హరిత.

"ఆ పెద్దాయన పేరేమిటే?"

"చెంగల్రాయుడంట."

ఫోన్ అతనికి ఇవ్వమన్నాను. "ఏమప్పా, ఏ తాత పెట్టినాడు ఈ ఆచారం?" అని గట్టిగా అడిగాను.

నా గొంతు గుర్తుపట్టినట్టున్నాడు. నింపాదిగా అన్నాడు. "నేను తాతనే గదా మేడం. నా మనవరాలు సూడండి, ఆ కొస పట్టుకోని నిలబడుండాది. దానికి ఇంకో ఆచారం ఉన్నట్టే తెలీదు."